రేసు గుర్రానికి ఆసుపత్రి, బరాత్ గుర్రానికి దేవుడే దిక్కు

మలక్‌పేటలో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, తుర్కయంజాల్, బొంగుళూరు గేటు దాటితే ఇబ్రహీంపట్నం. అటూ ఇటూ ముప్పై కిలోమీటర్లు. ఆ దారికి ఆ చివర గుర్రప్పందేలు జరిగే మైదానం ఉంది. అక్కడి గుర్రం కాలు కుంటితే చూడటానికి సొంత డాక్టర్లున్నారు, సొంత ఆసుపత్రి ఉంది. ఉండాల్సిందే, దానిమీద మాకు ఏడుపు లేదు. ఈ చివరన ఫంక్షన్ హాళ్ల ముందు పెళ్లికొడుకును మోసే గుర్రానికి, ఇటుక బట్టీ దగ్గర బరువు లాగే గాడిదకు అర్ధరాత్రి కడుపుశూల వస్తే ఏముంది? యజమాని తాడు పట్టుకొని తెల్లవార్లూ దాన్ని నడిపిస్తాడు. దర్గాకో, మైసమ్మకో మొక్కుకుంటాడు. అంతే.

రైతు సంఘం పత్రికలో గుర్రాల గోల ఎందుకని సభ్యులు కొందరు అడగొచ్చు. యూరియా లైన్లు, వడ్ల కాంటాలు, పోతున్న భూములు ఉండగా ఇదేం సోకు అనుకోవచ్చు. సోకు కాదు. సర్కారు పశువైద్యాన్ని ఏ లెక్కన నడుపుతోందో గుర్రాన్ని చూస్తే తెలుస్తుంది. రేపు మన ఎద్దుకు పట్టే గతి కూడా అందులోనే కనబడుతుంది.

మన దేశంలో సర్కారీ పశువైద్యం మొదలైందే గుర్రం కోసం. 1808లో ఈస్టిండియా కంపెనీ బీహార్‌లోని పూసాలో ఉన్న తన గుర్రాల క్షేత్రానికి విలియం మూర్‌క్రాఫ్ట్ అనే పశువైద్యుణ్ణి ఇంగ్లండ్ నుంచి తెప్పించింది. ఫిరంగులు లాగడానికి, సిపాయిలను మోయడానికి కంపెనీకి గుర్రం కావాలి. దేశానికి తిండిపెట్టే ఎద్దు అప్పుడు వాళ్ల లెక్కలో లేదు. తర్వాత ఫౌజులకు లారీలు వచ్చాయి, పాల డెయిరీలు వచ్చాయి. పశువైద్యమంటే పాలు, మాంసం, గుడ్లు అయింది. గుర్రం జాబితా చివరికి జారిపోయింది. సర్కారుకు ఏ పశువుతో పనుంటే ఆ పశువుకే మందు. ట్రాక్టరు వచ్చాక దుక్కిటెద్దు కూడా ఆ దారినే పోతోంది. ఎదకు వచ్చే ఆవు గురించి, ఈనే బర్రె గురించి అడిగేవాళ్లున్నారు. ముసలి ఎద్దు కాలిపుండు గురించి అడిగేవాళ్లెవరు?

గుర్రం రోగం ఎంత తొందరది అంటే, దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. కడుపులో గ్యాసు పట్టినా, పేగు మెలిపడినా పైకి వెళ్లగక్కలేదు. నేలను గిట్టలతో గీరుతుంది, డొక్కవైపు తిరిగి తిరిగి చూస్తుంది, చెమటతో తడిసి ముద్దవుతుంది, కిందపడి పొర్లుతుంది. ముక్కులోంచి పొట్టలోకి పొడవాటి గొట్టం వేయాలి. నొప్పి తగ్గించే సూది, బుడ్ల కొద్దీ సెలైను కావాలి. పేగు మెలిపడితే గంటల్లో ఆపరేషన్ చేయాలి. ఈ గొట్టం, ఈ సూది మన మండలాల పశువుల దవాఖానాల్లో ఎన్నింట్లో ఉన్నాయో పశుసంవర్ధక శాఖ గోడమీద రాసిపెట్టమని అడుగుతున్నాం. డాక్టర్లను తప్పుపట్టడం లేదు. కాలేజీలో గుర్రం వైద్యం చదువుకునే వస్తారు. చేతిలో సామాను లేకుండా చదువు ఏం చేస్తుంది?

ఇంకో సంగతి మన కోళ్ల రైతులు తప్పక తెలుసుకోవాలి. కోళ్లకు కాక్సిడియోసిస్ రాకుండా దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి విషం. కోడి తట్టుకునే మోతాదు గుర్రం గుండెను ఆపేస్తుంది. మిగిలిన కోళ్ల దాణా పారేయడం ఎందుకని పక్కింటి గుర్రానికి పెట్టేవాళ్లుంటారు, ప్రేమతోనే పెడతారు. ఈ ముక్క చెప్పే పోస్టరు ఒక్కటి అతికించడానికి ఎన్ని కోట్లు కావాలి? ధనుర్వాతం కూడా అంతే. పశువులన్నిటిలో దానికి తేలిగ్గా లొంగేది గుర్రమే. నాడా మేకు గుచ్చుకుంటే చాలు. టీకా ఉంది, ఖరీదూ కాదు.

అన్నిటికన్నా భయపడాల్సింది గ్లాండర్స్. గుర్రాలకు, గాడిదలకు వచ్చి మనుషులకూ అంటుకునే రోగం. ముక్కు నుంచి చీమిడి, ఒంటిమీద గడ్డలు. టీకా లేదు. నిర్ధారణ అయితే చట్ట ప్రకారం ఆ పశువును చంపాల్సిందే. 2019 కేంద్ర కార్యాచరణ ప్రణాళికలో పెట్టిన పరిహారం గుర్రానికి రూ. 25,000, గాడిదకు రూ. 16,000. బరాత్ గుర్రం కొనడానికి అంతకు ఎన్నో రెట్లు అప్పు చేసినవాడు ముక్కు కారుతోందని వచ్చి చెబుతాడా? రాత్రికి రాత్రి ఇంకో జిల్లాకు తోలేస్తాడు. రోగం దాచమని సర్కారే పరిహారం పేరుతో చెబుతోంది. ఆ గుర్రాన్ని రోజూ తోమే పద్దెనిమిదేళ్ల పిల్లగాడి ఊపిరితిత్తులకు ఎవరు పరిహారమిస్తారు?

రైతుకు గుర్రంతో ఏం పనని ఇంకా అడిగేవాళ్లకు ఒక మాట. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువమంది పల్లె జనం, పొలం పనుల్లో కాటుపడ్డవాళ్లు. ఆసుపత్రిలో వాళ్లకు ఎక్కించే విరుగుడు మందు ఎక్కడిది? గుర్రానికి కొద్దికొద్దిగా పాము విషం ఎక్కించి, దాని రక్తం తీసి, అందులోంచి తయారుచేస్తారు. మన దేశంలో నాలుగు రకాల విషపాములకు వాడే మందు అదే. పిచ్చికుక్క కరిస్తే గాయం చుట్టూ వేసే సీరం కూడా చాలా ఆసుపత్రుల్లో గుర్రం రక్తం నుంచి వచ్చిందే. వరి మడిలో కాటుపడి బతికి బయటపడ్డ ప్రతి రైతూ ఒక గుర్రానికి బాకీ ఉన్నాడు.

డబ్బు లేదంటారా? గుర్రప్పందెంలో పెట్టే మొత్తం మీద 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం జీఎస్టీ వసూలు చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. అందులో రాష్ట్రానికీ వాటా ఉంది. పరిగెత్తే గుర్రం మీద పన్ను తీసుకునే చేతికి, పడిపోయిన గుర్రానికి సెలైను బుడ్డి అందించడం బరువా?

గుర్రాలు తగ్గిపోయాయి కదా అనేది అధికారుల ఇంకో జవాబు. తగ్గిన మాట నిజమే. 2012లో దేశంలో ఆరు లక్షల పైచిలుకు ఉన్న గుర్రాలు, పోనీలు 2019 లెక్కకు 3.4 లక్షలయ్యాయి. గాడిదలు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. ఆటోలు, ట్రాలీలు వచ్చాయి, తగ్గాయి. మిగిలినవి ఎవరి దగ్గరున్నాయి? భూమి లేనివాళ్ల దగ్గర, బండి కొనే స్తోమతు లేనివాళ్ల దగ్గర. సంఖ్య తక్కువని వైద్యం మానేస్తామంటే అది పేదవాణ్ణి చూసి తలుపేసుకోవడమే.

1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ప్రతి 5,000 పశు యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలంది. యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు కేంద్రం చెప్పే లెక్క లక్ష పశువులకు ఒక సంచార వాహనం. తెలంగాణలో 1962 నంబరు వ్యాన్లు 2017లోనే వచ్చాయి, మేలు చేశాయి, కాదనం. కానీ వ్యాను దవాఖానాకు తోడు కావాలి గానీ బదులు కాకూడదు. బర్రె ఈనలేక అరిచేది రాత్రి రెండింటికి, గుర్రం పొర్లేది కూడా అప్పుడే. రోగానికి ఆఫీసు టైము లేదు.

అందుకే ఇబ్రహీంపట్నం పశువుల దవాఖానాలో రాత్రి డ్యూటీకి డాక్టరు ఉండాలని, గుర్రానికి కావాల్సిన గొట్టం, మందులు, ధనుర్వాతం టీకా అక్కడా 1962 వ్యాన్లలోనూ పెట్టాలని అడుగుతున్నాం. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మన జిల్లాలోనే ఉంది. నెలకోసారి అక్కడి డాక్టర్లు ఇక్కడ శిబిరం పెట్టి గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీయాలి. పరిహారం పశువు ధరకు తగ్గట్టు పెంచాలి. ఇవన్నీ బర్రెకు, ఎద్దుకు, గొర్రెకు కూడా పనికొచ్చేవే. రాత్రి తెరిచిన తలుపులోంచి అన్ని జీవాలూ లోపలికి పోతాయి.

గ్రామ శాఖలు చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊళ్లో గుర్రాలెన్ని, గాడిదలెన్ని, ఎవరివి, గత రెండేళ్లలో ఎన్ని ఏ రోగంతో చచ్చాయి, డాక్టరు వచ్చాడా లేదా, ఒక కాగితం మీద రాసి మండల కమిటీకి ఇవ్వండి. బ్యాండువాళ్ల ఇళ్లకు, ఇటుక బట్టీలకు, చాకలి, వడ్డెర వాడలకు మీరే వెళ్లి అడగండి. వాళ్లంతట వాళ్లు మన ఆఫీసుకు రారు, ఇన్నాళ్లూ మనం వాళ్లను పిలవలేదు కాబట్టి. ఆ కాగితాలు పట్టుకొని, వాళ్లను ముందు నిలబెట్టుకొని జిల్లా పశుసంవర్ధక అధికారి దగ్గరకు పోదాం.