పంచాల్సింది పొలమా, పంటా?

చిక్కపేటలో తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామందికి హిందూపురం, మదనపల్లె వైపో, ఇటు కోలారు, ముళబాగిలు వైపో తాతల నాటి పొలంలో ఎంతో కొంత వాటా ఉంటుంది. ఎన్ని ఎకరాలంటే చెప్పగలరు. ఎన్ని ముక్కలంటే మాత్రం ఊళ్ళో ఉన్న చిన్నాన్నకు ఫోన్ చేయాల్సిందే.

వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు. 2015-16 నాటికి 1.08కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా తక్కువ, 0.94. అయితే కమతం చిన్నదైనంత మాత్రాన దిగుబడి పడిపోదు. చిన్న రైతు ఇంటిల్లిపాదీ కష్టపడి ఎకరాకు ఎక్కువే తీస్తాడన్న విషయంపై 1962లోనే అమర్త్యసేన్ రాశారు. అసలు చిక్కు ముక్కలతోనే.

మూడు సర్వే నంబర్లలో 12 ఎకరాలుందనుకోండి. చెరువు కింది మడి అందరికీ కావాలి, మిట్ట చేను ఎవరికీ వద్దు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ప్రతి నంబరునూ కోస్తారు. ముగ్గురు కొడుకులు, వాళ్ళకు ఇద్దరేసి పిల్లలైతే మనవల కాలానికి 18 ముక్కలు. తలా రెండెకరాలే గానీ మూడు చోట్ల, ఒక్కోటి నిండా 67 సెంట్లుండదు. గట్లకు కొంత నేల పోతుంది, ట్రాక్టరు తిరగదు, దారికి తగువు. బోరు ఒక్కటే అయితే నీటి వంతు ఆరు రోజులకోసారి. అది చాలక ఎవరికి వారు బోర్లు వేస్తే ఏమవుతుందో అనంతపురం జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆడబిడ్డల వాటా వల్లే పొలాలు తునకలయ్యాయని కొందరంటారు. అది నిలిచే మాట కాదు. ఆ హక్కు ఆంధ్రలో 1985 నుంచి, కర్ణాటకలో 1994 నుంచి వచ్చింది. సగటు కమతం 1980-81కే 1.84 హెక్టార్లకు పడిపోయింది.

పంజాబ్ 1948లోనే చట్టం చేసి చెల్లాచెదురు ముక్కలను ఒకచోటికి చేర్చింది. కర్ణాటక కూడా 1966లో తునకలను అడ్డుకునే చట్టం తెచ్చి, తర్వాత ఎత్తేసింది. ఇక మిగిలింది ఇంటివాళ్ళ చేతుల్లోనే. అన్నదమ్ములు వేరుపడితే చిక్కపేటలో అంగడి మధ్య నాలుగు గోడలు కట్టుకోరు. ఒకరు నడిపి లాభం పంచుతారు, లేదా వెలకట్టి ఒకరే తీసుకుంటారు. పొలం దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎందుకో గుర్తుకు రాదు. ఒక్కో నంబరు ఒక్కొక్కరు తీసుకుని, తేడాను డబ్బుతో సరిచేసుకోవచ్చు.

ఆంధ్రలో భూమి ఉన్నవాళ్ళకు మరో పని ఉంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందంతో కౌలురైతుకు పత్రం ఇస్తారు. పంటరుణానికి, బీమాకు అదే ఆధారం. దానికి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. యాజమాన్య హక్కుకు భంగం ఉండదని ఆ చట్టమే చెబుతోంది. కోలారు వైపు భూములకు ఈ వీలు లేదు. కర్ణాటకలో 1974 నుంచి కౌలుకివ్వడం దాదాపు నిషిద్ధం. అక్కడ తోబుట్టువుల్లో ఒకరు దున్నాలి, మిగతావాళ్ళు పంటలో వాటా తీసుకోవాలి.