యాత్రికులలో తరగతులు

కొనువారినందరిని ఒక్క గాట గట్టక, వారి వయస్సును, ఆదాయమును, అభిరుచిని బట్టి తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి తగిన సరకు నమర్చుట నేటి వర్తకపు పద్ధతి. 1956లో వెండెల్ స్మిత్ అను అమెరికా పండితుడు ఒక వ్యాసమున దీనిని శాస్త్రీయముగా ప్రతిపాదించెను. ఆ విభజన పర్యాటక వ్యాపారమునకు గూడ నెక్కి చాలకాలమైనది. తీర్థయాత్రికుడు వేరు, వైద్యమునకై హైదరాబాదు వచ్చువాడు వేరు, అరకులోయలో రెండు రాత్రులు గడపిపోవు యువకుడు వేరు. ఇది తప్పని మేమనము. ఎవరికేమి కావలెనో తెలిసికొనుట ఆతిథ్యమున మొదటిపని గదా! మా యాక్షేపణ మరియొకటి. విభజించువారి చూపు ఎంతసేపును బరువైన సంచివైపే పోవుచున్నది.

ప్రకటనలను జూడుడు. అయిదు నక్షత్రముల హోటళ్లు, విలాసపు రిసార్టులు, విదేశీయుల నాకర్షించు ఉత్సవములు! 2019లో కేంద్ర పర్యాటకశాఖవారు రాష్ట్రములనుండి కూర్చిన లెక్కలలో స్వదేశీయుల సందర్శనములు సుమారు 232 కోట్లు; విదేశీయులవి 3 కోట్ల 14 లక్షలు. నూటికి రెండైనను కావు. విదేశీయుడు తెచ్చు ద్రవ్యము విలువైనదే. కాని 2020లో మహమ్మారి వచ్చి విమానములు నిలిచిపోయినప్పుడు ఆ ద్రవ్యమునే నమ్ముకొన్నవారి గతి యేమైనదో అందరును జూచిరి. ఆంక్షలు సడలిన పిమ్మట మొట్టమొదట వచ్చి తలుపు తట్టినవాడు పొరుగు జిల్లా కుటుంబీకుడే.

ఇంతలో ఏ వర్తకుని పట్టికలోను లేని యొక తరగతి మన కన్నులయెదుటనే పుట్టినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు సాధారణపు బస్సులలో ప్రయాణము ఉచితమయ్యెను. అటుపిమ్మట వేములవాడ, యాదగిరిగుట్ట బస్సులను జూచినవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. రాజన్నకు కోడెమొక్కు చెల్లింపవలెనని యేండ్లతరబడి అనుకొనుచు, చార్జీలకు కొడుకు నడుగలేక యూరకున్న ముసలమ్మ, నేడు మనుమరాలిని వెంటబెట్టుకొని, సద్దిమూట గట్టుకొని, తెల్లవారకముందే బయలుదేరుచున్నది. ఆమె ముందుగా గది కుదుర్చుకొనదు. ఫోనులో అభిప్రాయము వ్రాయదు. కావున ఆమె యెవరి లెక్కకును ఎక్కదు. అయినను ఆమె కొంగుముడినుండి తీసిన నూరురూపాయలు గాజుల దుకాణమునకును, కొబ్బరికాయల బండికిని ఆనాడే చేరును. విలాసగృహమునకు చెల్లించిన పదివేలలో ఆ యూరికి దక్కునదెంతయో ఆ యూరివారే చెప్పవలెను.

ఆమె కోరునవి పెద్దవి కావు: శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, కూర్చుండుటకు నీడ, బస్సు తప్పినచో రాత్రి తలదాచుకొన నొక సత్రపు వసారా. మన పెద్దలు బాటసారి కులగోత్రములను విచారించిరేమో గాని, సత్రము కట్టించుటకు అతని సంచి బరువు చూడలేదు.

తరగతులు పాటించుచును అందరిని ఆదరింపవచ్చుననుటకు తిరుమలయే సాక్షి. అక్కడ మున్నూరు రూపాయల దర్శనము గలదు. పదివేల విరాళమునకు వేరొక దర్శనమును గలదు. డబ్బులేనివాని వరుస యెంత పొడవో మేమెరుగుదుము. కాని 1985లో మొదలైన అన్నదానపు పంక్తిలో నీవే టిక్కెట్టు కొంటివని యెవరును అడుగరు.

ఇక ప్రాణరక్షణ మాట. 2019 సెప్టెంబరు 15, ఆదివారమునాడు కచ్చులూరువద్ద గోదావరిలో మునిగిన పడవ నెక్కినవారు పాపికొండలు చూడవచ్చిన సామాన్య కుటుంబములవారే. పడవకు ఎందరు ఎక్కవలెను, వరదలో బయలుదేరవచ్చునా అను ప్రశ్నలకు ధనిక తరగతి, పేద తరగతి యని రెండు జవాబులుండరాదు.

ఉభయ ప్రభుత్వములను మేము కోరునది స్పష్టము. రాబోవు కార్తికమునకు ముందే ప్రతి క్షేత్రపు బస్సు స్టాండులోను స్త్రీలకు ఎన్ని మరుగుదొడ్లు కలవో, వానిలో ఎన్నింటికి నీరు వచ్చుచున్నదో లెక్కించి, ఆ పట్టికను అక్కడి గోడమీదనే అంటింపవలెను. క్రొత్త రిసార్టులకు భూములిచ్చు విషయమై అటుతరువాత మాటలాడవచ్చును.