అడ్వాన్సు అద్దెదారు సొమ్మే

గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేస్తే అడ్వాన్సుపై ఆశ వదులుకోవాల్సిందేనన్న ధోరణి మన నగరాల్లో పాతుకుపోయింది. రంగుల ఖర్చని ఒక నెల అద్దె, నోటీసు చాల్లేదని ఇంకో నెల, పదకొండు నెలల అగ్రిమెంటు పూర్తికాలేదని మిగిలిందీ కోసేస్తున్నారు. చట్టం చెప్పేది వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పితే కట్టాలని రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే; దక్కేది సముచితమైన పరిహారమే. నష్టం లేనిచోట పరిహారమూ లేదని 2015లో కైలాశ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. వారం తిరక్కుండానే కొత్తవాళ్లు దిగిన ఇంటికి రెండు నెలల అద్దె నష్టమెక్కడిది? వాష్‌బేసిన్ పగలగొడితే ఆ ఖర్చు అద్దెదారు కట్టాలి. ఏళ్ల వాడకంతో వెలిసిన గోడలకు అతను బాధ్యుడు కాడు.

అద్దెతోనే బతికే యజమానుల గతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్న కాలానికి, కరెంటు బకాయికి, మరమ్మతులకు లెక్క చూపి తీసుకోవచ్చు. సంతకం పెట్టాక ఒప్పుకున్నట్టే కదా అంటారు. ఇల్లు దొరికితే చాలనుకునే అద్దెదారుకు షరతులపై బేరమాడే వీలెక్కడిది? 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం నివాస గృహాల అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఇల్లు అప్పగించేటప్పుడే బాకీలు పోను మిగతాది తిరిగివ్వాలంది. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే దానికి బలం. చట్టం లేనిచోట చట్టం, ఉన్నచోట అమలు, ప్రతి కోతకూ రాతపూర్వక లెక్క తప్పనిసరి కావాలి.