మీడియం మారింది, మాటలు రావాలి

బహుజనులు ఇంగ్లిష్ నేర్చుకోవాలని సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చయిన తన కవితల పుస్తకంలోనే పిలుపునిచ్చింది. ఆ మాట మన సర్కారు బడి గడప తొక్కడానికి ఒకటిన్నర శతాబ్దం పైనే పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి ఉత్తర్వు కోర్టుకెక్కింది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తమ పిల్లల్ని కాన్వెంట్లకు పంపుకున్నవాళ్లే అప్పుడు మాతృభాష కోసం కన్నీరు కార్చారు. ఆ ముచ్చట అటుంచుదాం.

పిల్లలు పాఠం గడగడా చదువుతున్నారు. ఇందులో ఏముందని అడిగితే నేల చూపులు చూస్తున్నారు. లోపం వాళ్ల తెలివిలో లేదు. చదువుకున్న ఇళ్లలో అన్నం తింటుండగా చెవిన పడే మాటలు, కూలికెళ్లి వచ్చిన అమ్మ దగ్గర దొరకవు. లెక్క వచ్చిన పిల్ల కూడా ప్రశ్నలో 'రెస్పెక్టివ్లీ' దగ్గరో, 'జస్టిఫై' దగ్గరో ఆగిపోయి మార్కులు పోగొట్టుకుంటుంది.

ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. నాన్న పని నుంచి వచ్చాక అరగంట చేతికొస్తుంది. ఆ అరగంట 'ముప్పై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్' వీడియోలకు పోతే దండగే. పాఠాన్ని ఫొటో తీసి మొత్తంగా తెలుగు చేసే యాప్ ఆ పూట గండం గట్టెక్కిస్తుంది గానీ మాటను మిగల్చదు. బడిలో అడ్డుపడ్డ మాటలు ఎనిమిదో పదో, అవి ఉన్న వాక్యాలతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి. అర్థం ముందు ఊహించాలి. ఫోను దొరికాక ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఉచితంగా సరిచూసుకోవచ్చు. వాక్యం ఎందుకంటే, ఒకే మాట పుస్తకానికో వేషం వేస్తుంది. 'పవర్' సాంఘిక శాస్త్రంలో అధికారం, భౌతిక శాస్త్రంలో సామర్థ్యం, గణితంలో ఘాతం.

నేర్చిన మాట మర్చిపోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపాడు. అందుకే మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు అదే మాటను మళ్లీ పలకరించాలి. అర్థాన్ని చేత్తో మూసి గుర్తు తెచ్చుకోవాలి. ఊరికే చూసి తలూపితే రాదు. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితంగా దొరికే ఆంకీ యాప్ ఏ మాట ఏ రోజు అడగాలో తనే చూసుకుంటుంది. ఫోను లేని పిల్ల పాత పెళ్లిపత్రికలు చీటీలుగా కత్తిరించుకున్నా పని జరుగుతుంది. ఒకవైపు మాట, వెనకవైపు అర్థం.

అయితే 'సొంతంగా నేర్చుకోండి' అన్న సలహా ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి సాకు కాకూడదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. వీడియో చూడటం వేరు, మాట పట్టుకోవడం వేరు. రెండోదానికి అడిగే మనిషి కావాలి. వారానికోసారి ఇంగ్లిష్ టీచరు ఆ నోటుబుక్కు తిప్పి చూసి నాలుగు మాటలు అడగాలి. హాస్టళ్లలో పిల్లల చేతికి ఫోను ఇవ్వరు. ఇవ్వమనీ మేం అనడం లేదు. సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట కంప్యూటర్ గది తెరవమంటున్నాం. ఆ గది తాళంచెవి ఇప్పుడు చాలాచోట్ల హెడ్‌మాస్టర్ గారి బీరువాలో ఉంది.