రెండో బాక్సు కొనేముందు అమ్మనడగండి

గిటార్ నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో ఇప్పుడు ఒకటే పాట: "ఆంప్లిఫయర్‌కి ఇంకో స్పీకర్ బాక్సు కావాలి." నాన్న సరేనంటాడు, ధర కనుక్కుంటాడు, ఫోన్లో వెతుకుతాడు. అమ్మను మాత్రం ఎవరూ అడగరు. మా మణుగూరు లాంటి ఊళ్ళో అయితే ముందు ఆమెనే అడగాలంటాను నేను.

ఇది బొగ్గు గనుల ఊరు. ఓపెన్ కాస్ట్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పొద్దున పడుకుంటాడు. ఆ నిద్రకు కాపలా ఎవరు? మనమే. మిక్సీ వేయం, విజిల్ రాకముందే కుక్కర్ మంట తగ్గిస్తాం, పిల్లల్ని గుసగుసగా తిడతాం. నిద్ర చాలని మనిషి డంపర్ ఎక్కితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

చట్టం ఉంది కదా అంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 నుంచి 6 దాకా. పగలే రాత్రి అయినవాళ్ళ సంగతి అందులో లేదు. ఆ లెక్క వేసుకోవాల్సింది మనమే.

పోనీ, కొంటే ఒరిగేదేమిటి? "రెండు బాక్సులైతే సౌండ్ రెండింతలు" అనేది ఒట్టి మాట. పవర్ రెండింతలు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 పెరగాలి. పైగా 8 ఓమ్స్ బాక్సులు రెండు పారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతాయి. ఆంప్లిఫయర్ వెనక "కనీసం 8" అని ఉంటే అది వేడెక్కి కాలిపోవచ్చు. అప్పుడు రెండో ఖర్చు.

"సరిగా వినపడట్లేదమ్మా" అంటే దానికి కారణం వేరే. బాక్సు నేల మీదుంటుంది, పిల్లాడు నిలబడి వాయిస్తాడు. ట్రెబుల్ సూటిగా ముందుకే పోతుంది, అంటే వాడి మోకాళ్ళకు. చెవికి అందక వాల్యూమ్ పెంచుతాడు. పెంచిందంతా పక్కింటికి పోతుంది. ఉన్న బాక్సునే స్టూల్ మీద పెట్టి చెవి వైపు తిప్పమనండి. పైసా ఖర్చు లేదు. పగటి పూట హెడ్‌ఫోన్స్ ఉండనే ఉన్నాయి.

పెద్ద చర్చిలో, పెళ్ళి వేదిక మీద రెండో బాక్సుకు పనుంది. జనం వెడల్పుగా కూర్చుంటారు, అందరికీ అందాలి. పది అడుగుల గదిలో దానికేం పని?

"పిల్లల సరదాకు అడ్డుపడతావేం" అని నన్ను అనేవాళ్ళుంటారు. గిటార్ మానమని నేననలేదు. నిద్ర కాపాడే బరువు ఆడవాళ్ళది, ఇంట్లోకి శబ్దం తెచ్చే నిర్ణయం మగవాళ్ళది అయితే అది న్యాయం కాదంటున్నాను. సౌండ్ సిస్టమ్ సంగతి మీకేం తెలుసని ఎవరన్నా అంటే తగ్గకండి.

మూడు ప్రశ్నలు అడగండి. ఆంప్లిఫయర్ ఎన్ని ఓమ్స్ దాకా తట్టుకుంటుంది? బాక్సు ఎక్కడ పెడతారు? పక్కింటాయనకు ఈ వారం ఏ షిఫ్ట్? మూడోదానికి ఇంట్లో జవాబు తెలిసింది మీ ఒక్కరికే.