నలభై దాటాక వీసా లెక్కలు

మా ఆఫీసులో ఈ మధ్య లంచ్ దగ్గర రెండే టాపిక్కులు. ఏఐ వచ్చి ముందు ఎవరి ఉద్యోగం పీకుతుంది అన్నది ఒకటి. దాన్ని అందరూ గట్టిగానే మాట్లాడుకుంటారు. రెండోది "ఈ వయసులో ఎక్కడికైనా పోవచ్చంటావా?" అన్నది. ఇది మాత్రం నలభై చుట్టుపక్కల ఉన్న లీడులు, మేనేజర్లు గొంతు తగ్గించి అడుగుతారు. అదీ నాలాంటి ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి! వీడు ఈ రూల్సన్నీ చదివి పెట్టుకున్నాడని ఎవరో చెప్పి ఉంటారు :)

చదివిన మాట నిజమే. చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఒకటుంది. పాయింట్ల పద్ధతి నలభై దాటినవాళ్ళ కోసం తయారు చేసింది కాదు. ఆ లైన్లో నిలబడి టైము పాడుచేసుకునే బదులు వేరే తలుపులు చూసుకోవడం మేలు.

ముందు ఆస్ట్రేలియా సంగతి. వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేస్తారు. 189, 190, 491 వీసాలకి ఇన్విటేషన్ వచ్చే రోజుకి మీకు 45 నిండకూడదు. 189కి ఒకప్పుడు 50 దాకా ఉండేది, 2017 జులైలో 45కి దించారు. దరఖాస్తు 44లో పెట్టాను కదా అనుకుంటే కుదరదు, ఇన్విటేషన్ వచ్చేలోపు పుట్టినరోజు వచ్చిందంటే కథ ముగిసినట్టే. వయసుకిచ్చే పాయింట్లు 25 నుంచి 32 మధ్య వాళ్ళకి 30, 33-39కి 25, 40-44కి 15. కనీస మార్కు 65 అంటారు గానీ అది లైన్లో నిలబడ్డానికే. ఐటీ వాళ్ళని పిలవాలంటే అంతకంటే చాలా ఎక్కువే ఉండాలి. దీనికి తోడు స్కిల్స్ అసెస్‌మెంట్లో మన అనుభవంలోంచి మొదటి కొన్నేళ్ళు కోసేస్తారు. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లోకి దూకినవాళ్ళకి (మనలో సగంమంది వాళ్ళే కదా) ఇంకా ఎక్కువ కోత.

కెనడా వాళ్ళు మర్యాదస్తులు. వయసు పరిమితి లేదంటారు. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పెళ్ళయినవాళ్ళకి 29 దాకా 100 పాయింట్లు, తర్వాత ఏడాదికి 5 చొప్పున తగ్గుతూ 40కి 45 అవుతాయి. అక్కణ్ణించి ఏడాదికి 10 చొప్పున జారిపోతాయి. 44కి 5, 45కి సున్నా. పరిమితి లేదు అన్నమాట కాగితం మీదే. అప్‌రైజల్లో "నువ్వు బాగానే చేశావ్ కానీ..." అంటారే, అదే టైపు.

ఈ వయసు కోతని నేను పెద్దగా తప్పుపట్టను. పాతికేళ్ళవాడు వస్తే నలభయ్యేళ్ళు టాక్స్ కడతాడు, 44 ఏళ్ళవాడు ఇరవయ్యేళ్ళు కడతాడు. ఏ దేశమైనా ఆ లెక్కే వేసుకుంటుంది. నాకు మింగుడుపడనిది అనుభవం లెక్క. కెనడాలో విదేశీ అనుభవానికి వచ్చే గరిష్ఠ పాయింట్లు మూడేళ్ళకే వచ్చేస్తాయి. ఆస్ట్రేలియాలో 8 ఏళ్ళ దగ్గర ఆగిపోతాయి. అంటే కెనడా లెక్కలో మెయిన్‌ఫ్రేమ్ నుంచి క్లౌడ్ దాకా ఇరవయ్యేళ్ళు లాక్కొచ్చినవాడూ, మూడేళ్ళ క్రితం చేరిన కుర్రాడూ అనుభవం దగ్గర సమానం, వయసు దగ్గర మాత్రం కుర్రాడు పైన. అనుభవానికి ధర లేని సంతలో అనుభవం అమ్ముకోవడానికి కూర్చుంటే ఎలా?

దానికి ధర కట్టేది కంపెనీలే. కాబట్టి వెతకాల్సింది వీసాని కాదు, ఉద్యోగాన్ని. జర్మనీ బ్లూ కార్డుకి వయసు పరిమితి లేదు, జీతం ఉంటే చాలు. (2024 జూన్‌లో మొదలైన ఆపర్చునిటీ కార్డు మాత్రం ఉద్యోగం వెతుక్కోడానికి. అందులో 35 లోపు వాళ్ళకి 2 పాయింట్లు, 40 దాకా 1, ఆ తర్వాత వయసుకి ఏమీ రాదు.) బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకీ వయసు అడ్డం లేదు, అయితే 2025 జులైలో జీతం మెట్టు 41,700 పౌండ్లకి పెంచారు. న్యూజీలాండ్ 55 ఏళ్ళ దాకా ఒప్పుకుంటుంది, కానీ అక్కడి ఉద్యోగం చేతిలో ఉండాలి. అమెరికాకి హెచ్-1బి ఒక్కటే దారని ఇప్పటికీ అనుకుంటున్నారు చాలామంది. మల్టీనేషనల్లో మేనేజరుగా ఉన్నవాళ్ళు ఎల్-1ఏ గురించి అడగాలి. లాటరీ లేదు, గత మూడేళ్ళలో ఒక ఏడాది అదే కంపెనీకి బయట పనిచేసుంటే అర్హత. ఆ తర్వాత గ్రీన్‌కార్డుకి ఈబీ-1 దారి దొరికితే ఈబీ-2 క్యూతో పోలిస్తే స్వర్గం. మేనేజరు పోస్టుకి ఒక లాభం అంటూ ఉందంటే ఇదే :)

ఇహ నేను అసలు చెప్పాలనుకున్నది. మా బావకి 43. టెస్టింగులో పదిహేడేళ్ళు. రెండేళ్ళుగా కెనడా కెనడా అని ఒక కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతున్నాడు. వాళ్ళు ఫీజు తీసుకుని "ప్రొఫైల్ పూల్‌లో ఉంది సార్" అంటారు. పూల్‌లో ఉండటానికేం, ఉంటుంది! ప్రతి పుట్టినరోజుకీ పది పాయింట్లు దానంతటదే తగ్గుతూ ఉంటుంది. కెనడా విషయంలో డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్ళు అక్కడి లాయర్లో, అక్కడి ఇమిగ్రేషన్ కాలేజీలో రిజిస్టరైన కన్సల్టెంట్లో అయి ఉండాలి. రిజిస్టర్ నంబరు ఏదీ అని బావ ఇప్పటిదాకా అడగలేదు.

మా అక్కకి 38. బీఎస్సీ నర్సింగ్. పిల్లలప్పుడు ఆరేళ్ళు మానేసి, మళ్ళీ చేరి నాలుగేళ్ళయింది. అక్క పేరు మీద పెడితే కెనడాలో వయసుకే 55 వస్తాయి, బావకి 15. ఆస్ట్రేలియాలో అక్కకి 25, బావకి 15. పైగా 45 పరిమితి ముఖ్య దరఖాస్తుదారుకే. రెండేళ్ళు ఆలస్యమై బావకి 45 దాటినా అక్క వెంట డిపెండెంటుగా వెళ్ళొచ్చు. కెనడా 2023 నుంచి ఆరోగ్యరంగం వాళ్ళని విడిగా పిలుస్తోంది, ఆస్ట్రేలియాకీ నర్సులు కావాలి. నర్సుగా అక్కడ రిజిస్టర్ కావడం పెద్ద తతంగమే, కాదనను. కానీ దారి అంటూ ఉంది.

మన ఇళ్ళల్లో భార్య మూడు నాలుగేళ్ళు చిన్నదై ఉండటం మామూలే. చాలామంది ఆవిడలు ఇంజనీర్లో, టీచర్లో, నర్సులో. మరి ఈ లెక్క ఎందుకు ఎవరూ వెయ్యరు? "ఆవిడ వీసా మీద వెళ్ళాడట" అన్నమాట పడటం ఇష్టంలేక. ఇరవయ్యేళ్ళుగా ఎంతమంది ఆడవాళ్ళు హెచ్-4 మీద వెళ్ళి వంటింట్లో కూర్చున్నారో మనకి తెలుసు. అప్పుడు ఎవరికీ నామోషీ అనిపించలేదు! అక్క కెరీర్లో ఆరేళ్ళ గ్యాప్ వచ్చింది కూడా ఇంటికోసమే. ఇంకో గ్యాప్ వస్తే ఆ పాయింట్లూ పోతాయి, ఎందుకంటే ఆస్ట్రేలియా లెక్కలో పదేళ్ళకి ముందు చేసిన పని లెక్కకి రాదు.

డబ్బుల సంగతి కూడా కాస్త. 43లో కెనడా వెళితే 65కి 22 ఏళ్ళ నివాసం అవుతుంది. అక్కడి వృద్ధాప్య పెన్షన్ పూర్తిగా రావాలంటే 40 ఏళ్ళు ఉండాలి, కనుక వచ్చేది దాదాపు సగం. అమెరికాలో పదేళ్ళు కడితేగానీ సోషల్ సెక్యూరిటీకి అర్హత రాదు, ఆ విషయంలో మనకి వాళ్ళతో ఒప్పందం కూడా లేదు. కాబట్టి ఇక్కడి పీఎఫ్ తీసేసి అక్కడి ఇంటికి డౌన్ పేమెంట్ కడదాం అనే ఆలోచన నాకు నచ్చదు.

అమ్మానాన్నల విషయం ఏ పాయింట్ల పట్టికలోనూ ఉండదు. ఆస్ట్రేలియాలో మామూలు పేరెంట్ వీసాకి క్యూ దశాబ్దాల్లో ఉంటుంది. డెబ్భై ఏళ్ళవాళ్ళకి అది లేనట్టే. కెనడా సూపర్ వీసా మీద ఒకసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, ఇన్సూరెన్స్ ఖర్చు మాత్రం మనదే. ఇది వెళ్ళేముందు తేల్చుకోవాలి, వెళ్ళాక కాదు.

నిన్న ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి అక్కకి వాట్సాప్‌లో పంపాను. బావకి కాదు, అక్కకే. "ఐఈఎల్‌టీఎస్‌కి ఎంత కట్టాలిరా?" అని అడిగింది.