ఏదులాబాద్ చెరువునూ లెక్కలోకి తీసుకోండి

తెలంగాణ జీవవైవిధ్య మండలి సభ్య కార్యదర్శి గారికి,

2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగింది మన హైదరాబాద్‌లోనే. పెద్ద కంపెనీలు ప్రకృతికి తాము చేసే హానిని కొలిచి వెల్లడించాలని 2022లో కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందం కోరింది. కానీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కంపెనీల వ్యాపార బాధ్యత, సుస్థిరతపై అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో జీవవైవిధ్యం ప్రశ్న పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాలకే పరిమితం. జవాబివ్వడమూ కంపెనీల ఇష్టమే. మరి మూసీ నీరు చేరే మా ఏదులాబాద్ చెరువు సంగతి?

ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల వ్యర్థజలాల గొట్టం దగ్గర నీటిని పరీక్షిస్తే చాలదండీ. ఆ నీరు కలిసే కాలువల్లో ఎగువన, దిగువన, మా చెరువులోనూ, వానలకు ముందూ తర్వాతా ఏ చేపలు, తూనీగలు, కొంగలు బతుకుతున్నాయో కంపెనీల ఖర్చుతో, మీ పర్యవేక్షణలో లెక్కించండి. మత్స్యకారుల్ని తప్పక పిలవండి. ఏ చేప ఎప్పుడు కనుమరుగైందో వాళ్లే చెప్పగలరు. ఆ వివరాలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేర్చి, నష్టం తగ్గించే గడువును ఒక్కో కంపెనీ నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇట్లు,
ఘట్‌కేసర్ నివాసి